మాంసకృత్తుల తప్పుమడత — తాకి చూచు సూక్ష్మదర్శిని

వయస్సు పైబడినకొలది జ్ఞాపకశక్తి కొంత తగ్గుట సహజము. పొరుగువాని పేరు చప్పున స్ఫురింపకపోవుట ఒకటి, కన్నకూతురును ఎదుట నుంచుకొని "నీ వెవరి పిల్లవమ్మా?" అని అడుగుట మరియొకటి. మొదటిది ముసలితనము, రెండవది వ్యాధి. ఈ వ్యాధికే డిమెన్షియా అని పేరు. తెలుగున దీనిని బుద్ధిక్షయ మనవచ్చును. జ్ఞాపకము, మాట, లెక్క, దారి, తుదకు తన యునికి, ఇవి ఒకటి వెనుక నొకటి రోగిని విడిచిపోవును. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2021లో ప్రపంచమున 5 కోట్ల 70 లక్షలమంది ఈ స్థితిలో నుండిరి. 2023లో ప్రకటింపబడిన ఒక పరిశీలన ననుసరించి భారతదేశమున 60 ఏండ్లు నిండినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి, ఈ వ్యాధి కలదు.

బుద్ధిక్షయమునకు కారణములు అనేకములు. అందు నూటికి 60 నుండి 70 వంతులకు కారణము ఆల్జైమర్ వ్యాధి. 1901లో జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు మానసిక చికిత్సాలయమున 51 ఏండ్ల స్త్రీ యొకతె చేర్పబడెను. ఆమెను పరీక్షించిన వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్. 1906లో ఆమె మరణించిన పిమ్మట ఆయన ఆమె మెదడును పలుచని పొరలుగా కోసి, వెండి లవణములతో రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో చూచెను. నాడీకణముల వెలుపల బిళ్ళలవంటి ఫలకములును, కణముల లోపల దారపుచిక్కులవంటి ముడులును కనిపించెను. ఆ యేడు నవంబరులో ట్యూబింగెన్ పట్టణమున జరిగిన వైద్యుల సభలో ఆయన ఈ సంగతిని వివరించెను. 1910లో క్రెపెలిన్ అను వైద్యుడు తన పాఠ్యగ్రంథమున ఈ వ్యాధికి ఆల్జైమర్ పేరు పెట్టెను.

ఆ ఫలకములును, ఆ చిక్కులును మాంసకృత్తులతో నైనవే. విషములు కావు, క్రిములు కావు. మన శరీరము తానై తయారుచేసికొనునవి. అట్టివి మనకే హాని కలిగించునట్లు ఎట్లు మారినవి? ఈ ప్రశ్నకు సమాధానము వాని ఆకారములో కలదు. ఆ ఆకారము చెడు తొలిక్షణమును పట్టుకొనుటకు శాస్త్రజ్ఞులు నేడు వాడుచున్న పరికరములలో ఒక సన్నని సూది కలదు. దానిని గూర్చియే ఈ వ్యాసము.

మడత పడిన గొలుసు

మాంసకృత్తు యనగా అమైనో ఆమ్లములు ఒకదాని వెంట నొకటి చేరి యేర్పడిన పొడవైన గొలుసు. ప్రకృతిలో ఈ గొలుసునకు ముఖ్యముగా 20 రకముల పూసలు కలవు. గొలుసు చాచినట్లుండిన ఏ పనికిని రాదు. అది తనలో తాను మడతలు పడి ఒక నిర్ణీతమైన ఆకారము పొందినప్పుడే జీర్ణరసముగనో, రక్తములో ప్రాణవాయువును మోయునదిగనో పని చేయగలదు. తాళపుచెవికి లోహమొక్కటే చాలదు; దాని పండ్లు సరిగా నుండవలెను గదా!

ఈ మడత యెవరు పెట్టుచున్నారు? అమెరికా శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ 124 అమైనో ఆమ్లములు గల రైబోన్యూక్లియేజ్ అను మాంసకృత్తును యూరియా మొదలగు రసాయనములతో విప్పి, పిదప ఆ రసాయనములను తొలగించెను. గొలుసు తనంతట తానే తిరిగి మడతపడి, మునుపటివలె పనిచేసెను. కావున ఏ ఆకారము పొందవలెనను ఆజ్ఞ ఆ పూసల వరుసలోనే యున్నదని తేలెను. ఈ కృషికి ఆయనకు 1972లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

ఈ విషయమున మన దేశపు కృషి కూడ చెప్పుకొనదగినది. మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్ తన సహచరులతో కలిసి, గొలుసులోని ప్రతి కీలును ఏయే కోణములలో తిరుగగలదో, ఏయే కోణములలో పరమాణువులు ఒకదానికొకటి అడ్డు తగులునో లెక్కకట్టి 1963లో ఒక పటమును ప్రకటించెను. నేటికిని ప్రపంచమంతట మాంసకృత్తుల ఆకారములను సరిచూచుటకు ఆ పటమునే వాడుచున్నారు.

అయినను ఒక చిక్కు కలదు. ఒక గొలుసున 100 కీళ్ళు గలవనియు, ఒక్కొక్క కీలు మూడు స్థితులలో మాత్రమే నిలువగలదనియు అనుకొందము. సాధ్యమగు ఆకారములెన్ని? 3ను 100 మార్లు హెచ్చవేయవలెను. ఆ లబ్ధమున 48 అంకెలుండును. గొలుసు వీనినన్నిటిని వరుసగా ప్రయత్నించినచో విశ్వము యొక్క వయస్సు కూడ చాలదు. అయినను పెక్కు మాంసకృత్తులు సెకనులోపలనే మడతపడుచున్నవి. 1969 ప్రాంతమున లెవింథాల్ చూపిన ఈ వైపరీత్యమువలన మడత గ్రుడ్డిగా వెదకుటవలన గాక, పల్లమునకు నీరు దిగినట్లు కొన్ని దారుల వెంట జరుగునని గ్రహింపబడెను. దారి యున్నచోట దారితప్పుటయు నుండును. దానినే మనము తప్పుమడత యనుచున్నాము.

గ్రుడ్డు ఉడికిన కథ

తప్పుమడతను చూచుటకు ప్రయోగశాల యక్కరలేదు, వంటయిల్లు చాలును. పచ్చి గ్రుడ్డులోని తెల్లసొన గాజువలె తేటగా నుండును. ఉడికించినచో అది తెల్లబడి గట్టిపడును. అందు క్రొత్త పదార్థమేదియు చేరలేదు. వేడికి మాంసకృత్తుల మడతలు విడి, విడిన గొలుసులు ఒకదాని నొకటి పెనవేసికొనినవి, అంతియే. చల్లార్చినను అది తిరిగి తేటపడదు. 1935లో ఇంగ్లండునందలి లీడ్సు నగరమున ఆస్ట్‌బరీ అను శాస్త్రజ్ఞుడు ఉడికిన తెల్లసొనను సాగదీసి ఎక్స్‌రే కిరణములతో పరీక్షించి, గొలుసులు ఒకదాని ప్రక్కన నొకటి నిచ్చెనమెట్లవలె అమరి యుండుటను కనుగొనెను.

మెదడులోని ఫలకములందును ఇట్టి నిచ్చెనయే కలదు. అట్టి మడ్డికి 1854లో ఫిర్షో అను జర్మను వైద్యుడు "అమిలాయిడ్" అని పేరు పెట్టెను. అయొడిను తగిలినప్పుడు రంగు మారుటను చూచి ఆయన దానిని పిండిపదార్థమువంటిదని తలచెను. ఆ పేరునకు అర్థమును అదియే. అయిదేండ్లకే అది మాంసకృత్తు అని తేలినను పేరు మాత్రము నిలిచిపోయెను. 1959లో ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని క్రింద చూడగా అమిలాయిడ్ అంతయు సన్నని పోగుల కట్టయని తెలిసెను. ఒక్కొక్క పోగు సుమారు 10 నానోమీటర్ల మందము. పోగులో మెట్టునకు మెట్టునకు నడుమ దూరము 0.47 నానోమీటరు.

1984లో అమెరికాలో గ్లెనర్, వాంగ్ అను పరిశోధకులు ఆల్జైమర్ రోగుల మెదడుపొరల రక్తనాళములనుండి ఈ పదార్థమును శుద్ధిచేసి తీసిరి. ఇది 40 లేక 42 అమైనో ఆమ్లముల చిన్న గొలుసు. దీనికి బీటా అమిలాయిడ్ అని పేరు. నాడీకణపు పొరలోనుండు ఒక పెద్ద మాంసకృత్తును రెండు ఎంజైములు కత్తెరలవలె రెండు చోట్ల కత్తిరింపగా ఈ ముక్క యేర్పడును. ఆరోగ్యవంతుల మెదడులోను ఇది ప్రతిదినము తయారగుచునే యుండును. కావున ఇది యుండుటయే వ్యాధి కాదు. ఇది గుమిగూడుట వ్యాధి. కణము లోపలి చిక్కులు టౌ అను మరియొక మాంసకృత్తుతో నైనవి. పార్కిన్‌సన్ వ్యాధిలోను, దానికి దగ్గరి బంధువగు ఒక విధమైన బుద్ధిక్షయములోను ఆల్ఫా సిన్యూక్లీను అను 140 అమైనో ఆమ్లముల మాంసకృత్తు ఇట్లే గుమిగూడును. పేర్లు వేరైనను నడక యొకటే.

పెద్ద ఫలకము కాదు, చిన్న గుంపు

చాలకాలము ఫలకములే నాడీకణములను చంపునని తలచుచుండిరి. కాని ఫలకములు మెండుగా నున్నను బుద్ధి చెడని వృద్ధులు కనబడిరి. క్రమముగా శాస్త్రజ్ఞుల దృష్టి ఫలకములనుండి వానికి ముందు ఏర్పడు చిన్న గుంపులపైకి మరలినది. రెండు, మూడు, పది, ఇరువది అణువులు కలిసిన ఈ గుంపులు నీటిలో తేలుచు అటునిటు తిరుగగలవు. 2008లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో ఆల్జైమర్ రోగుల మెదడులనుండి తీసిన బీటా అమిలాయిడ్ జంటలు, అనగా రెండేసి అణువుల కూటములు, ఎలుకల మెదడు ముక్కలలో నాడీకణముల మధ్య సంబంధము బలపడు శక్తిని తగ్గించినవి. జ్ఞాపకము నిలుచుటకు ఆ శక్తియే ఆధారము.

కావున అసలు ప్రశ్న యిది: మొదటి రెండు అణువులు ఎట్లు కలిసికొనుచున్నవి? ఒంటరిగా నున్నంతకాలము నిరపాయముగా నున్న గొలుసు మరియొకదానిని తాకగానే ఏల మారుచున్నది?

ఇది చూచుట మిక్కిలి కష్టము. అందుకు కారణములు రెండు. మొదటిది పరిమాణము. బీటా అమిలాయిడ్ అణువు ఒకటి రెండు నానోమీటర్లది. మీటరును నూరు కోట్ల భాగములు చేసిన అందొక భాగము నానోమీటరు. వెలుగుతో చూచు మామూలు సూక్ష్మదర్శిని 200 నానోమీటర్లకంటె చిన్నవానిని స్పష్టముగా వేరుచేసి చూపలేదు. రెండవది, అంతకంటె ముఖ్యమైనది, గుంపు లెక్క. పరీక్షనాళికలో కోట్ల కోట్ల అణువులుండును. వానిలో జతకూడినవి ఏ క్షణమునందైనను బహుకొద్ది. సాధారణ పద్ధతులు అన్నిటి సగటునే చెప్పును. తిరునాళ్ళలో లక్షమంది చేయు కోలాహలము దూరమునుండి వినువానికి ఇద్దరు చెవిలో చెప్పుకొనిన మాట తెలియునా?

ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో ఘనవిజయములు లభించిన మాట నిజము. 2017లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ఆల్జైమర్ రోగి మెదడునుండి తీసిన టౌ పోగుల నిర్మాణమును పరమాణువుల వరకు చూపగలిగిరి. కాని అందులకు పదార్థమును గడ్డకట్టింపవలెను. అది కథ ముగిసిన పిమ్మటి చిత్రము. కథ మొదలును చూచుటకు నీటిలో, గది వేడిమిలో, ఒక్కొక్క అణువును విడిగా పరీక్షింపగల సాధనము కావలెను.

తడిమి చూచు యంత్రము

కంటికి కనబడనిదానిని చేతితో తడిమి తెలిసికొనవచ్చును. ఈ సామాన్యసూత్రమే పరమాణుబల సూక్ష్మదర్శినికి ఆధారము. 1981లో స్విట్జర్లండునందలి జూరిచ్‌లో బిన్నిగ్, రోరర్ అను శాస్త్రజ్ఞులు విద్యుత్ప్రవాహము సాయమున పరమాణువులను గుర్తించు పరికరము నిర్మించిరి. అది విద్యుద్వాహకములకే పనికివచ్చును. ఆ కొరత తీర్చుటకు 1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బర్ అను మువ్వురు ఈ క్రొత్త సూక్ష్మదర్శినిని రూపొందించిరి. నానోమీటర్ల ప్రమాణమున వస్తువులను చూచుట, కదపుట, నిర్మించుట యను శాస్త్రకళకు నానోసాంకేతికము అని పేరు. ఈ పరికరము దానికి చేతివ్రేలు వంటిది.

దీని నిర్మాణము గ్రామఫోను సూదిని జ్ఞప్తికి తెచ్చును. సిలికాను లేక సిలికాను నైట్రైడుతో చేసిన ఒక సన్నని బద్ద. దాని చివర క్రిందివైపు ఒక ములికి. ములికి కొన కొద్ది నానోమీటర్ల గుండ్రము మాత్రమే. ములికి వస్తువుపై కదలుచు మిట్ట వచ్చినప్పుడు లేచును, పల్లము వచ్చినప్పుడు దిగును. దానితో బద్ద వంగును. బద్ద వీపుపై లేసరు కిరణము పడి పరావర్తనము చెంది దూరముగానున్న ఒక కాంతిగ్రాహకముపై పడును. ఎండలో చేతి అద్దమును కొంచెము త్రిప్పిన గోడపై వెలుగుమచ్చ బారెడు దూరము కదలుట పిల్లలందరును చూచినదే. అట్లే బద్ద నానోమీటరులో పదవ వంతు వంగినను వెలుగు కదలిక దానిని పట్టియిచ్చును. ఉపాధ్యాయులు అద్దముతో ఈ సూత్రమును తరగతిలో సులభముగా ప్రదర్శింపవచ్చును.

నానోమీటరు ఎత్తు వస్తువును తడుముటకు దానిని పెట్టు పీట అంతకంటె నునుపుగా నుండవలెను. నునుపు చేసిన గాజు కూడ ఇందులకు గరుకే. శాస్త్రజ్ఞులకు దొరికిన పీట అభ్రకము. మనవారు కాకిబంగారమని పిలుచునది యిదియే; నెల్లూరు సీమలోని గూడూరు ప్రాంతము దీని గనులకు పేరుపడినది. అభ్రకము పొరలు పొరలుగా ఊడివచ్చును. అంటుకాగితముతో పైపొర నూడదీసిన అడుగున బయటపడు తలము చాలమేర పరమాణువుల ప్రమాణమున చదునుగా నుండును. దానిపై ఒక చుక్క మాంసకృత్తు ద్రావణము వేసి తడిమినచో ఒంటరి అణువులు, చిన్న గుంపులు, పోగులు విడివిడిగా కనబడును. 2016లో జపానునందలి కనజావా శాస్త్రజ్ఞులు మిక్కిలి వేగముగా తడుమగల ఇట్టి పరికరముతో బీటా అమిలాయిడ్ పోగులు పెరుగుటను కదలుబొమ్మగా చూపిరి.

రెండణువుల బంధమును తూచుట

ఈ పరికరము ఎత్తుపల్లములను చూపుటయే కాక బలమును కూడ కొలువగలదు. హూక్ సూత్రము ఉన్నత పాఠశాల విద్యార్థులు చదివినదే: స్ప్రింగు సాగుదల దానిపై పనిచేయు బలమునకు అనులోమానుపాతములో నుండును. ఇక్కడ బద్దయే స్ప్రింగు. దాని స్థిరాంకము మీటరుకు 0.05 న్యూటను అనుకొందము. అది ఒక నానోమీటరు వంగినచో పనిచేసిన బలము 50 పికోన్యూటన్లు. న్యూటనును లక్ష కోట్ల భాగములు చేసిన అందొకటి పికోన్యూటను. చేతిలోని జామకాయ బరువు సుమారు ఒక న్యూటను.

అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమున యూరీ ల్యుబ్‌చెంకో, ఆయన సహచరులు ఈ గుణమును తప్పుమడత పరిశోధనకు వినియోగించిరి. ప్రయోగము చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. ఒక మాంసకృత్తు అణువును ములికి కొనకు కట్టుదురు. అదే జాతి అణువును అభ్రకపు పీటకు కట్టుదురు. రెండింటిని నీటిలో దగ్గరకు చేర్చి, తాకించి, మెల్లగా వేరుచేయుదురు. అణువులు కలిసికొనకపోయినచో ములికి ఊరక లేచి వచ్చును. కలిసికొనినచో బద్ద క్రిందికి వంగును. లాగగా లాగగా బంధము తెగి, బద్ద ఒక్కసారిగా నిటారగును. ఆ క్షణమునందలి వంపే బంధపు బలము. అది కొన్ని పదుల పికోన్యూటన్లు మాత్రమే.

ఇందొక సందేహము కలుగవచ్చును. ములికి పీటకే అంటుకొనెనేమో, అణువులు కలిసినవని ఎట్లు నమ్మవలెను? అందులకై అణువులను నేరుగా కాక సాగుగుణము గల పొడవైన దారములవంటి అణువులతో కట్టుదురు. దారముల పొడవు ముందే తెలియును. బంధము తెగినది ఆ దారములు పూర్తిగా సాగిన దూరముననే యైనచో అది నిజమైన జంట. పీటకు ఆనుకొనియే తెగినచో అది లెక్కలోనికి రాదు. ఈ లాగుడును వందలు, వేలు మార్లు జరిపి ఫలితములను కూర్తురు.

2005లో వీరు ప్రకటించిన పరిశోధనలో ఆల్ఫా సిన్యూక్లీను, బీటా అమిలాయిడ్, లైసోజైము అను ఒకదానికొకటి సంబంధము లేని మూడు మాంసకృత్తులను పరీక్షించిరి. శరీరపు మామూలు స్థితిలో, అనగా ద్రావణము ఇంచుమించు తటస్థముగా నున్నప్పుడు, ఒకే జాతి అణువుల మధ్య ఆకర్షణ కనిష్ఠముగా నుండెను. ద్రావణమును ఆమ్లపరచగా ఒకానొక మేర దాటగానే ఆకర్షణ హఠాత్తుగా పెరిగెను. ఆల్ఫా సిన్యూక్లీను, బీటా అమిలాయిడ్ గొలుసులు వదులుగా నుండుట మాని మెట్లుమెట్లుగా మడతపడు మేరయు అదియే. పోగులు త్వరగా పుట్టు మేరయు అదియే. ఆకారము మారుట, అంటుకొనుట, పోగు లగుట యను మూడును ఒక్కచోటనే మొదలగుచున్నవని ఇందువలన ప్రత్యక్షముగా తేలెను.

జంట ఎంతసేపు నిలుచును? 2015లో ఇదే బృందము మరి రెండు విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులతో కలిసి మరియొక పద్ధతిని అనుసరించెను. ఒక ఆల్ఫా సిన్యూక్లీను అణువును తలమునకు కట్టి, వెలుగునిచ్చు రంగు పూసిన మరియొక అణువును ద్రావణమున వదలిరి. రెండవది వచ్చి జతకూడినప్పుడు ఆ చోట వెలుగుచుక్క వెలిగెను, విడిపోగానే ఆరెను. వెలిగిన కాలమే జంట ఆయుర్దాయము. జంటలు రెండు రకములని తెలిసెను: ఒక రకము సెకనులో అయిదవ వంతు, మరియొక రకము మూడు సెకనులకు పైగా నిలిచినవి.

మూడు సెకనులు మనకు రెప్పపాటు కాలము. అణువునకు అది ఒక యుగము. ఒంటరిగా నున్న ఇట్టి వదులు గొలుసు సెకనులో లక్షవ వంతు, పదిలక్షలవ వంతు కాలములలోనే ఆకారములు మార్చుచుండును. ఏ తప్పు ఆకారమును దానికి నిలువదు. జతకూడినప్పుడు మాత్రము ఆ తప్పు ఆకారము సెకనులతరబడి నిలిచిపోవును. మూడవ అణువు వచ్చి చేరుటకు ఆ వ్యవధి చాలును. ఒంటరి దోషము క్షణికము, జంట దోషము స్థిరము. తప్పుమడతకు మొదటి మెట్టు ఈ జతకూడుటయే.

కలిసికొను చోటు ఎక్కడ?

ఇచట మరియొక చిక్కు తలయెత్తినది. పరీక్షనాళికలో బీటా అమిలాయిడ్ పోగులు కావలెనన్న దానిని మెదడులో నున్నదానికంటె వేలరెట్లు గాఢముగా కలుపవలెను. మెదడులోని ద్రవములో దాని గాఢత కొద్ది నానోమోలులకు మించదు. 10 నానోమోలుల ద్రావణము ననుకొందము. అవగాడ్రో సంఖ్యతో లెక్కించినచో, మీటరులో పదిలక్షలవ వంతు భుజముగా గల ఘనములో ఆరు అణువులు మాత్రమే యుండును. ఒకదానికొకటి దూరము సగటున 550 నానోమీటర్లు. అణువు పరిమాణము సుమారు రెండు నానోమీటర్లు. మనిషి ప్రమాణమునకు పెంచి చూచినచో పొరుగువాడు దాదాపు అరకిలోమీటరు దూరమున నున్నట్లు! ఇంత పలుచని ద్రావణమున జంట లేర్పడుటయే అరుదు గదా, మెదడులో ఫలకము లెట్లు పుట్టుచున్నవి?

2017లో నెబ్రాస్కా బృందము దీనికొక సమాధానము సూచించెను. నానోమోలు ద్రావణమున అభ్రకపు ముక్క నుంచి ఎప్పటికప్పుడు తడిమి చూడగా గుంపులు ఏర్పడి, కాలము గడచినకొలది పెరిగినవి. అదే ద్రావణమును అభ్రకము లేకుండ అంతకాలము నిలువయుంచి పరీక్షింపగా గుంపులు కానరాలేదు. కావున గుంపులు నీటి నడుమ కాక తలముపై పుట్టినవి. బీడులో చెదరి తిరుగు పశువులు ఒకదానికొకటి ఎదురుపడుట అరుదు. అవియే చెరువుగట్టు చేరినచో అడుగడుగునకు తారసపడును. తలము అణువులకు చెరువుగట్టు వంటిది. మరియొక ముఖ్యవిషయమేమనగా, తలముపై ఏర్పడిన గుంపులు ఊడి తిరిగి నీటిలో కలియగలవు. అవి ఇతరచోట్ల బీజములుగా పనిచేయవచ్చును.

మెదడులో అభ్రకము లేదు. కాని కణముల పొరలు కలవు. తరువాతి సంవత్సరములలో పరిశోధకులు అభ్రకముపై కణపుపొరను పోలిన కొవ్వుపదార్థపు పొరను పరచి ప్రయోగము చేసిరి. దానిపైనను గుంపులు పుట్టెను. ఆ పొరలో కొలెస్టరాలును చేర్చగా బీటా అమిలాయిడ్ గుంపులు మరింత త్వరగా ఏర్పడినట్లు 2022లో ప్రకటించిరి. ఈ మాటను విని భోజనములోని కొవ్వునకును బుద్ధిక్షయమునకును ముడిపెట్టుట తొందరపాటు. ఇచట చెప్పినది ప్రయోగశాలలోని పొర సంగతి మాత్రమే.

దీనివలన ప్రయోజన మేమి?

బుద్ధిక్షయమునకు పూర్తిగా నయముచేయు మందు ఇంతవరకు లేదు. బీటా అమిలాయిడ్‌ను మెదడునుండి తొలగించు ప్రతిరక్షకములపై అనేక సంవత్సరములు జరిగిన ప్రయత్నములు చాలవరకు విఫలమైనవి. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానిమాబ్ అను మందు ఫలకములకంటె ముందు ఏర్పడు పొట్టిపోగులను ముఖ్యముగా పట్టుకొనును. వ్యాధి తొలిదశలో నున్నవారిలో 18 నెలల కాలమున క్షీణత నూటికి 27 వంతులు మందగించెను. 2024లో డొనానిమాబ్ అను మరియొక మందుకు అనుమతి లభించెను. ఇవి పోయిన జ్ఞాపకమును తిరిగి తేలేవు. కొందరిలో మెదడువాపు, సూక్ష్మమైన రక్తస్రావము కలిగించును. కావున వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి.

ఇల్లు కాలినపిదప బూడిద నెత్తుటకంటె నిప్పురవ్వను ఆర్పుట మేలు. మొదటి జంట ఎట్లు పుట్టునో, ఎంతసేపు నిలుచునో, ఏ తలముపై నిలుచునో తెలిసినచో ఆ కలయికనే అడ్డగించు మందును వెదకవచ్చును. ఆ మందు పనిచేయునో లేదో తెలిసికొనుటకు కూడ ఈ పరికరము పనికివచ్చును. మందు కలుపక ముందు ఎన్ని లాగుళ్ళలో జంట దొరికినది, కలిపిన పిమ్మట ఎన్నిటిలో దొరికినది, ఎంత బలమున తెగినది అని సరిపోల్చిన చాలును.

ఈ పద్ధతికి గల పరిమితులను కూడ గుర్తుంచుకొనవలెను. దారముతో కట్టిన అణువు స్వేచ్ఛగా తిరుగు అణువుతో అన్నివిధముల సమానము కాదు. తడుము సూది తాను తాకినదానిని కొంత కదలించును. అభ్రకముపై గాని, దానిపై పరచిన పలుచని పొరపై గాని జరిగినదెల్ల సజీవమైన మెదడులో జరుగునని చెప్పలేము. మెదడులో పాడైన మాంసకృత్తులను ఏరి శుభ్రపరచు ఏర్పాట్లు కలవు; వార్ధక్యమున అవి ఏల సడలునో తెలిసికొనుట వేరొక పని. అందుచేత సూదితో తెలిసినదానిని రంగుల వెలుగుతోను, ఎలక్ట్రాను చిత్రములతోను, గణకయంత్రముల లెక్కలతోను, తుదకు రోగుల పరిశీలనతోను సరిచూచుచుండవలెను.

ఆల్జైమర్ సూక్ష్మదర్శినిలో చూచినది వ్యాధి తుదిదశ. నేటి సూది తడుముచున్నది దాని తొలిదశ. ఈ రెంటి నడుమ రోగి జీవితమున ఎన్నో యేండ్లుండును. ఫలకములు పేరుకొనుట జ్ఞాపకము చెడుటకు పది పదునైదేండ్లు ముందే మొదలగునని నేడు తెలిసినది. చికిత్సకు వ్యవధి అక్కడనే కలదు. హూక్ సూత్రము, అవగాడ్రో సంఖ్య, అద్దపు పరావర్తనము, పొరలుగా ఊడు అభ్రకము, ఇవన్నియు పాఠశాల పుస్తకములలోనివే. వీనినే ఓర్పుతో జోడించి శాస్త్రజ్ఞులు రెండణువుల కలయికను తూచగలిగిరి. కన్నకూతురును గుర్తింపలేని తల్లికి ఈ కొలత నేడు ఔషధము కాదు. కాని రేపటి తల్లులకు ఆ స్థితి రాకుండ చూచుటకు ఎక్కడ వెదకవలెనో అది చూపుచున్నది.